గోడ మీద పొద్దుగూకిన గుట్టలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడకెక్కేవి రెండే రకాలు. ఒకటి దేవుళ్లు, రెండోది చనిపోయినవాళ్లు. బతికున్నవాళ్ల ఫొటోకు పటం కట్టించి గోడకు తగిలిస్తే చేజేతులా ఆయుష్షు తగ్గించినట్టేనని మా నాయినమ్మ నమ్మకం. ఆమెను మేము అవ్వ అనేవాళ్లం. మా ఇల్లు జనగామలో, రైలు స్టేషనుకు పోయే దారిలో ఒక సందులో ఉండేది. మట్టిగోడల పెంకుటిల్లు. ముందుగదిలో పొడవాటి గోడకు పైవరుసలో దేవుళ్లు, కిందివరుసలో మా తాత, చిన్న వయసులోనే పోయిన మా మేనత్త. ప్రతి శుక్రవారం అందరినీ తడిబట్టతో తుడిచి, బొట్లు పెట్టి, దీపం ముట్టించడం అవ్వ పని. దేవుళ్లకు మొక్కి ఊరుకునేది గానీ, తాతతో మాత్రం నాలుగు మాటలు పోట్లాడితే తప్ప వదిలేది కాదు.

అట్లాంటి గోడ మీదికి ఒకసారి దేవుడూ కాని, మనిషీ కాని బొమ్మ ఒకటి వచ్చి చేరింది. ఆ బొమ్మ నన్ను ఎంత భయపెట్టిందో, ఆ భయంలోంచి నన్ను ఎవరు, ఎట్లా బయటికి తీశారో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా పక్కింట్లో పటాలు కట్టే చాచా ఉండేవాడు. ఇంటి ముందుభాగమే ఆయన దుకాణం. పటాల వెనక వేసే అట్టల కోసం హైదరాబాదు పాతబజార్ల నుంచి పాత క్యాలెండర్లు, పుస్తకాల అట్టలు గోనెసంచిలో వేసుకొని తెచ్చేవాడు. అట్లాంటి సంచిలోంచి బయటపడింది ఆ కార్డు. అప్పటికే పాతది. మూలలు అరిగిపోయి, వెనకవైపు చాయ్ రంగుకు తిరిగింది. ముందువైపు మాత్రం రంగులు బాగానే ఉన్నాయి. ఎర్రటి ఇసుకరాతి శిఖరాలు పొరలు పొరలుగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. వాటి మీద సాయంకాలపు ఎండ పడుతోంది. పాదాల దగ్గర సన్నగా నీడ. చెట్టు లేదు, తొవ్వ లేదు, మనిషి లేడు. ఆకాశంలో పిట్ట కూడా లేదు.

కింద ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలున్నాయి. చాచా స్టేషను దగ్గర ఎవరితోనో చదివించుకొని వచ్చి, ఇది పార్కంట అన్నాడు. మా సందు సందంతా నవ్వింది. మాకు తెలిసిన పార్కులో బెంచీలుంటాయి, పూలచెట్లుంటాయి, బఠాణీలమ్మేవాడుంటాడు. ఈ రాళ్లలో ఎవరు షికారు చేస్తారు అని మా నాయిన అడిగాడు. ఈమధ్య మా మనుమడు ఆ అక్షరాలను ఫోనులో కొట్టి చూసి, అదెక్కడో పరదేశంలోని నేషనల్ పార్కు అనీ, ఆ శిఖరాలను గాలీ వానా చెక్కాయనీ చెప్పాడు. సరే, ఉండనీ. నాకు మాత్రం అది పార్కూ కాదు, పరదేశమూ కాదు.

మా అమ్మది భూపాలపల్లి దిక్కు. రేగొండ దాటి పోతే వాళ్ల ఊరి పొలాల అవతల ఇట్లాంటి ఇసుకరాతి గుట్టలే ఉంటాయి. పెళ్లయి జనగామకు వచ్చాక ఆమెకు పుట్టింటికి పోయే సందు దొరికింది తక్కువ. చాచా దుకాణంలో ఆ కార్డు చూసి అక్కడే నిలబడిపోయింది. "అయ్యో, గివి మా ఊరి గుట్టల లెక్కనే ఉన్నయ్ భయ్యా" అంది. చాచా తీసుకొమ్మన్నాడు. ఆ కార్డును అమ్మ తన పెట్టెలో, చీరల మడతల మధ్య దాచుకుంది. తీరిక దొరికినప్పుడు తీసి, ఏ గుట్ట వాళ్ల ఊరి ఏ గుట్టను పోలి ఉందో నాకు వేలుపెట్టి చూపించేది. ఆమె చెప్పిన వాటిలో ఒకటి నన్ను బాగా పట్టుకుంది. పొద్దుగూకినాక గుట్టల దిక్కు మొహం పెట్టి మనిషిని పిలవకూడదట. పిలిస్తే ఆ మనిషికి బదులు గుట్టే పలుకుతుందట. గుట్ట పలికిందంటే ఇక ఆ మనిషిని తన దగ్గరే ఉంచేసుకుంటుందట. పశులు కాసేవాళ్లు అందుకే ఎండ దిగకముందే ఒకరినొకరు కేకేసుకొని ఇళ్లకు తిరిగేవాళ్లని అమ్మ చెప్పేది. చెప్పి, నా మొహం చూసి, నవ్వి దగ్గరికి తీసుకునేది.

ఆ ఏడు ఎండాకాలంలో అమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట చలువ చేసిందన్నారు. తర్వాత దుమ్ము అన్నారు. తర్వాత ఏమీ అనడం మానేశారు. ఆమె తాగే గ్లాసు వేరే పెట్టారు. రాత్రిళ్లు నన్ను అవ్వ పక్కన పడుకోబెట్టారు. మా నాయిన గింజల మార్కెట్లో తూకం వేసే దడువాయి. సాయంత్రం వస్తూనే అవ్వతో గుసగుసలాడేవాడు. నేను గడపలో అడుగు పెడితే ఇద్దరూ ఎండలు బాగా ముదిరాయని మాట్లాడుకునేవాళ్లు. పెద్దవాళ్లకు అబద్ధం చెప్పడం ఎంత చేతకాదో నాకు అప్పుడే తెలిసింది.

తొలకరి పడిన రోజుల్లో అమ్మను పంపించారు. హైదరాబాదుకు అవతల, గుట్టల మీద, ఊపిరితిత్తుల రోగానికి చూసే దవాఖాన ఒకటుండేది. గాలి మంచిదని అక్కడ కట్టారట. ఈ సంగతులేవీ నాకు అప్పుడు తెలియవు. దవాఖాన అన్న మాట నా ముందు ఎవరూ అనలేదు. పోయే పొద్దు అమ్మ నన్ను దూరంగానే నిలబెట్టి, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని, ఆ కార్డును నా వైపు చాచింది.

"నేను గిసుంటి గుట్టలకాడికి పోతున్న బిడ్డా. ఆడ గాలి మంచిగుంటదట. నేను యాదికొస్తే గీ బొమ్మ చూడు" అంది.

ఎనిమిదేళ్ల పిల్లకు ఇట్లాంటి గుట్టలు వేరు, ఈ గుట్టలు వేరు అని తెలుస్తుందా? అమ్మ ఆ బొమ్మలోకి పోయిందనే అనుకున్నాను. శిఖరాల వెనక ఎక్కడో ఇల్లుంటుందనీ, అది బొమ్మలో కనబడదనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కార్డును పక్కలో పెట్టుకొని పడుకునేదాన్ని. నలిగిపోతుందని అవ్వ దాన్ని లాక్కొని చాచాకిచ్చింది. ఆయన మిగిలిన చెక్కముక్కలతో, మిగిలిన అద్దంముక్కతో చిన్న పటం కట్టి పంపాడు. వెనక కాగితం అతికించలేదు. వానలకు మైదాపిండి లై ఆరడం లేదు, ఎండలొచ్చాక అతికిస్తానన్నాడు. గోడకు ఖాళీగా ఉన్న మేకు ఒక్కటే. కిందివరుసలో, మేనత్త పక్కన. అవ్వ తీసుకుపోయి దానికే తగిలించింది.

ఆ వరుసలో ఎవరుంటారో నాకు తెలుసు.

శుక్రవారం వచ్చింది. అవ్వ పైవరుస తుడిచింది, కిందివరుస తుడిచింది, ఆ తుడుపులోనే గుట్టల పటాన్నీ తుడిచింది. అన్నిటికీ బొట్లు పెట్టింది, దానికీ పెట్టింది. అది దేవుడు కాదు గదా అవ్వా అన్నాను. "పటం కట్టినంక బోడిగ ఉంచుతరానే?" అంది అవ్వ, చెయ్యి ఆపకుండానే. ఆమెకు అందులో వేరే ఆలోచన ఏమీ లేదు. అద్దం బిగించిన వస్తువును బొట్టు లేకుండా వదిలేయడం ఆమె చేతులకు రాదు, అంతే. నాకు మాత్రం లెక్క సూటిగా ఉంది. బొట్టు పెడితే దేవుడైనా అయి ఉండాలి, పోయినవాళ్లైనా అయి ఉండాలి. దేవుడు కాదు గదా అంటే అవ్వ కాదనలేదు.

ఆ తర్వాత నేను బొమ్మను వదలకుండా చూడడం మొదలుపెట్టాను. అప్పుడు కనబడింది. గుట్టల పాదాల దగ్గర సన్నగా ఉన్న నీడ సన్నగా లేదు. కింది పొరను మింగేసింది. నా కళ్లు చెదిరాయేమోనని రుద్దుకొని చూశాను. మళ్లీ శుక్రవారం దాటాక చూస్తే ఇంకో పొర మీదికి పాకింది. ఎండ కొసలకు జరిగింది. బొమ్మలో పొద్దుగూకుతోంది. మన ఆకాశంలో రోజూ గూకుతుంది, రోజూ పొడుస్తుంది. అక్కడ మాత్రం వారాలకు వారాలు నిమ్మళంగా, వెనక్కి తిరగకుండా గూకుతోంది.

ఎవరితో చెప్పను? నాయినను అమ్మ ఎప్పుడొస్తదని అడిగితే, "ఏంగాదు బిడ్డా" అనేవాడు. నేను ఏమవుతుందని అడగలేదు. ఎప్పుడొస్తదని అడిగాను. బచ్చన్నపేట నుంచి మా దూరపు చుట్టం ఒకామె వచ్చింది. గోడ చూసి, కొత్త పటం చూసి, దానికున్న బొట్టు చూసి, "గిదేంది, ఎవలది?" అని గొంతు తగ్గించి అడిగింది. అవ్వ ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ ఒక్కసారే తల తిప్పి నన్ను చూశారు. ఆమె సంచిలోంచి పల్లిపట్టి తీసి నా చేతిలో పెట్టి నా తల నిమిరింది. ఆ పల్లిపట్టి నేను తినలేదు. ఇంట్లో చావు జరిగినప్పుడు పిల్లల తల అట్లాగే నిమురుతారు.

వానలు ముదిరాయి. గోడలు కింది నుంచి చెమ్మెక్కాయి, బట్టలు ఆరడం మానేశాయి. బొమ్మలో శిఖరాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి మధ్యలో ఉన్న పెద్ద గుట్ట కొస మాత్రమే ఎర్రగా మిగిలింది, గోరంత. అది కూడా నల్లబడితే ఏమవుతుందో నాకు తెలుసనే అనుకున్నాను. బడికి పోయేముందు చూసేదాన్ని, బడి నుంచి వచ్చి సంచి భుజాన ఉండగానే చూసేదాన్ని. అన్నం సయించేది కాదు. దిష్టి తగిలిందని అవ్వ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. వాటికి ఘాటు రాలేదని ఇంకా బెంగపడింది.

ఒక శుక్రవారం సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. అవ్వ దీపం ముట్టించి, లాంతరులోకి గ్యాసునూనె కోసం సందు చివరి దుకాణానికి పోయింది. నాయిన ఇంకా రాలేదు. నేను గోడ ముందు నిలబడి ఉన్నాను. దీపం వెలుగు కిందినుంచి పడి, తాత కళ్లు, మేనత్త కళ్లు మెరుస్తున్నాయి. బొమ్మలో ఆ గోరంత ఎరుపు ఉందో లేదో తెలియడం లేదు. మొహం అద్దానికి ఆనేంత దగ్గరగా పెట్టాను. చల్లగా తగిలింది. అమ్మ చెప్పిన మాట గుర్తుంది. పొద్దుగూకినాక పిలవకూడదు. కానీ ఇంకా పూర్తిగా గూకలేదు గదా, ఇప్పుడు పిలవకపోతే ఇంకెప్పుడూ పిలవలేను గదా అనిపించింది.

"అమ్మా" అన్నాను.

"ఓ..." అంది గోడ.

గుట్టల లోపలి నుంచి, దూరంగా, ఆడగొంతు. నేను కలగన్నది కాదు. చెవులారా విన్నాను. వెనక్కి పడ్డానో కూర్చున్నానో తెలియదు. గుట్ట పలికింది, ఇక అమ్మను ఇవ్వదు అన్న ఒక్క మాటే తలలో తిరిగింది.

అంతలో గుమ్మంలో లాంతరు వెలుగు పడింది. పక్కింటి చాచీ. చాచా భార్య. తల మీద కొంగు సర్దుకుంటూ, "ఏమైంది బేటీ, పిలిస్తివి గదా? ఓ అన్న గదా. మళ్ల సప్పుడు లేకపాయె" అంటూ లోపలికి వచ్చింది. మా గోడకు అవతలివైపు వాళ్ల సామాన్ల గది. ఆమె పిల్లలు కూడా ఆమెను అమ్మా అనే పిలుస్తారు. ఎవరు పిలిచారో చూడకుండానే పలికింది. పలకడం అలవాటైన మనిషి.

ఆమె నన్ను ఒళ్లోకి తీసుకునేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. ఆ ఏడుపులోనే అంతా చెప్పేశాను. బొమ్మలో పొద్దుగూకడం, బొట్టు, పల్లిపట్టి, గుట్ట పలకడం. ఇంకో మనిషైతే నవ్వేది. చాచీ నవ్వలేదు. లాంతరు పైకెత్తి పటాన్ని చాలాసేపు చూసింది. చాచా చేతుల మీదుగా ఊరందరి దేవుళ్లూ, ఊరందరి చచ్చిపోయినవాళ్లూ పోతారు గానీ చాచావాళ్ల సొంత ఇంటి గోడలకు ఒక్క బొమ్మ ఉండదు. ఆమె చూపులో బొమ్మ ఉత్త బొమ్మే.

అవ్వ తిరిగొచ్చింది. చాచీ పటం దించుతానంటే వద్దంది. దీపం వెలుగుతుండగా గోడ మీది పటం దించితే ఇంటికి అరిష్టమంది. "జర దీపం కొండెక్కనీ అవ్వా, అప్పుడే దించుత. నీ దేవుండ్ల జోలికి పోను" అంది చాచీ, గడప దగ్గరే కూర్చుంటూ. దీపం ఆరేదాకా అక్కడే కూర్చుంది. నా చెయ్యి వదలలేదు. తర్వాత పటాన్ని, నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది.

సిగిడిలో బొగ్గులు కణకణమంటున్నాయి. ఆమె పట్టకారుతో చిన్న చిన్న మేకులు పీకి, అద్దాన్ని మెల్లగా జరిపి, కార్డును బయటికి తీసింది. కింది అంచు ముట్టుకొని నా వేలు కూడా అక్కడ పెట్టింది. మెత్తగా, తడిగా ఉంది. శుక్రవారం శుక్రవారం అవ్వ తడిబట్టతో తుడిచిన నీళ్లు అద్దం మీంచి జారి, చెక్క సందులోంచి లోపలికి దిగాయి. వెనక కాగితం లేదు, గోడ చెమ్మ ఒకటి తోడు. అట్ట వాటిని కింది నుంచి పైకి పీల్చుకుంటూ వచ్చింది. దేవుళ్ల పటాలకు చాచా వెనక గట్టిగా అతికిస్తాడు గనక వాటికి ఏమీ కాలేదు. ఇదంతా ఆమె విడమర్చి చెప్పలేదు. తడి వేలు చూపించి, అవ్వ బట్ట పిండినట్టు సైగ చేసింది. నాకు అర్థమైంది.

తర్వాత కార్డును సిగిడి సెగ మీద, మరీ దగ్గరగా కాకుండా పట్టుకుంది. నేను ముందుకు వంగి చూశాను. నలుపు కొస నుంచి కిందికి దిగడం మొదలైంది. పెద్ద గుట్ట తలెత్తింది. దాని పక్కది వెలిగింది. పొర తర్వాత పొర ఎర్రబడుతూ వచ్చింది. వారాల తరబడి ఎక్కిన చీకటి నా కళ్లముందే దిగిపోతోంది. అంత భయం తర్వాత అంత సంతోషం, నా గుండె పట్టలేదు.

"అంటే అమ్మ బతుకుతదా చాచీ?" అన్నాను.

ఆ క్షణంలో అవును అనడం ఎంత తేలికో నేను పెద్దదాన్నయ్యాక ఎన్నోసార్లు అనుకున్నాను. పిల్ల నమ్మడానికి సిద్ధంగా ఉంది. చేతిలో మాయలాంటి బొమ్మ ఉంది. అవును అంటే ఆ రాత్రికి నేను కడుపునిండా తిని పడుకునేదాన్ని. చాచీ కార్డును పక్కన పెట్టింది. నా మొహం తన వైపు తిప్పుకుంది.

"గీ కాయితం ఎండింది బేటీ. గంతే. మీ అమ్మ సంగతి గీ కాయితానికి తెల్వది. నాకూ తెల్వది."

నాకు ఆమె మీద వచ్చినంత కోపం అంతకుముందు ఎవరి మీదా రాలేదు. ఆమెను కొట్టాను కూడా. కొట్టనిచ్చింది. చేతులు అలిసిపోయాక, "తెల్వకుంటే అడగాలె. గోడనడిగితే ఏం చెప్తది? తెలిసినోళ్లనడుగుదాం, దా" అని లేచింది.

నాయిన అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చాచీ ఆయనతో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ పూట వాకిట్లో నిలబడి, పిల్ల అమ్మ సంగతి అడుగుతోంది చెప్పు భయ్యా అంది. నాయిన అలవాటుగా నా వైపు తిరిగి, ఏంగాదు బిడ్డా అన్నాడు.

"గా మాట చెప్పకు భయ్యా" అంది చాచీ. "నువ్వు చెప్తలేవనే పిల్ల నీ మొకం చూసుడు ఇడిసిపెట్టి గోడను చూస్తున్నది."

అవ్వకు మండిపోయింది. పసిదాని ముందు ఇవేం మాటలు, మా ఇంటి సంగతి నీకెందుకు అని అరిచింది. చాచీ వాకిట్లోంచి కదలలేదు. నాయిన అట్లాగే తడికాళ్లతో అరుగు మీద కూలబడ్డాడు. నన్ను పిలిచి చెప్పాడు. అమ్మకు టీబీ. దవాఖానలో ఉంది. బతికే ఉంది. మందులిస్తున్నారు. ముదిరిపోయాక తెచ్చారని డాక్టరు అన్నాడు. నయమవుతుందో లేదో డాక్టరు చెప్పలేదు. ఇంత చెప్పేసరికి ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నా భయం పోలేదు. కాకపోతే అప్పటిదాకా నా ఒక్కదానిదే అయిన భయం ఆ పూట మా ఇద్దరిదీ అయింది. ఆయన పక్కన కూర్చొని అన్నం తిన్నాను.

చాచీతో అవ్వ కొన్నాళ్లు మాట్లాడలేదు. నా జడ వేయడం మాత్రం చాచీకే వదిలేసింది, చేతులు నొస్తున్నాయన్న సాకుతో.

ఆ తర్వాతిసారి అమ్మను చూడబోతూ నాయిన నన్ను వెంట తీసుకుపోయాడు. రైలు దిగి, బస్సు మారి, గుట్ట ఎక్కే దారిలో నడిచాం. దవాఖాన వరండాకూ మేము నిలబడిన చోటికీ మధ్య ఒక వాకిలంత దూరం. పిల్లల్ని అంతకంటే దగ్గరికి రానివ్వరు. అమ్మ కుర్చీలో కూర్చొని ఉంది. చాలా చిన్నదైపోయింది. నన్ను చూసి మొదట అడిగిన మాట, "జడ ఎవలేసిన్రు బిడ్డా?"

"పక్కింటి చాచీ" అన్నాను.

"మంచిగేసింది" అంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా ఇంకో మాట అంది. ఈమధ్య ఒక సాయంత్రం ముసురు పట్టి ఉంటే, నువ్వు పిలిచినట్టయింది బిడ్డా, నిజమే అనుకొని ఓ అని పలికిన, పక్క మంచమామె నవ్వింది అంది. నేను నాయిన వైపు చూశాను. ఆయన వేరే దిక్కు చూస్తున్నాడు. ఆయనకు నేను పిలిచిన సంగతి తెలియదు, చాచీ పలికిన సంగతీ తెలియదు. ఎందుకో నేను కూడా చెప్పలేదు. ఇంటికొచ్చాక చాచీని అడిగాను, ఆరోజు పలికింది నువ్వేనా అని. నేనే గదా బేటీ అంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. అమ్మకూ అబద్ధం చెప్పే అవసరం లేదు. అది ఏమిటని నన్నెవరైనా అడిగితే తెలియదనే చెప్తాను.

ఆరోజు మేమింకా దవాఖాన దగ్గర ఉండగానే ఎండ దిగింది. గుట్ట నీడ మెల్లగా మెట్లెక్కి వరండా మీదికి వచ్చింది. అమ్మ పాదాలు, ఒడి, చేతులు. నా చెయ్యి నాయిన చేతిలో బిగుసుకుంది. నీడ ఆమె మొహం మీదికి కూడా వచ్చింది. ఆమె ఆ నీడలోంచే చెయ్యి ఊపింది. ఊపుతూనే ఉంది, మేము దారి మలుపు తిరిగేదాకా.

ఆ తర్వాతి నెలల్లో ఇంకో నాలుగైదుసార్లు ఆమెను చూశాను. ఒకసారి పాట పాడించుకుంది. ఒకసారి ఎక్కం అప్పజెప్పించుకొని తప్పు పట్టింది. నన్ను ఇంట్లోనే ఉంచి ఏంగాదు, ఏంగాదు అంటూ ఉంటే ఇవేవీ నాకు ఉండేవి కావు. ఉండేది ఆ గోడ ఒక్కటే.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం నాయిన ఒక్కడే సందులోకి నడిచి వచ్చాడు. అవ్వ ఎదురుపోయి, ఎట్లున్నదిరా అని అడిగింది. ఆయన ఆమెను దాటుకొని లోపలికి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు. నేను పలక ముందేసుకొని కూర్చొని ఉన్నాను. అంత పొడుగు మనిషి నేల మీద నాకెదురుగా కూర్చొని, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ అమ్మ పోయింది బిడ్డా" అన్నాడు. "బండిల తెచ్చిన. సందు మొదట్ల ఆపిచ్చిన. ముందుగాల నీకు చెప్పాలె గదా."

ఆ తర్వాత వచ్చిన ఏడుపులు, జనం, అవ్వ గుండెలు బాదుకోవడం, అన్నీ జరిగాయి. వాటన్నిటికంటే ముందు ఆ కాసేపు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నా తల ఎవరూ నిమరలేదు. చేతిలో ఎవరూ తినేది పెట్టలేదు. నన్ను మనిషిని చేసి, మనిషికి చెప్పినట్టు చెప్పాడు. ఆయనకు ఆ మాట చెప్పే ధైర్యం తడికాళ్లతో అరుగు మీద కూర్చున్న ఆ సాయంత్రం నుంచే వచ్చిందని నాకు తెలుసు.

నేను పెద్దయి నర్సునయ్యాను. మానుకోటలో, అంటే ఇప్పుడందరూ మహబూబాబాద్ అంటున్న ఊళ్లో, చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వార్డు బయట బెంచీల మీద పిల్లలు కూర్చొని ఉండేవాళ్లు. పెద్దవాళ్లు వాళ్ల చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి లోపలికి పోయేవాళ్లు. పిల్లలు బిస్కెట్లు తినేవాళ్లు కాదు. గోడనో, ఫ్యానునో, తలుపునో చూస్తూ ఉండేవాళ్లు. అట్లా చూసే పిల్లను దాటి నేను ఎప్పుడూ పోలేకపోయాను. వాళ్లవాళ్లను అడిగి, వాళ్లు చెప్పలేమంటే నేనే చెప్పాను. తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. కొందరు నన్ను కొట్టారు కూడా.

నిరుడు మా వియ్యంకుడికి ప్రాణం మీదికొస్తే, ఇంట్లో వాళ్లంతా నా మనుమరాలికి తాత ఊరికి పోయాడని చెప్పారు. అది సాయంత్రమంతా కిటికీ దగ్గర నిలబడి, ఎదురింటి మేడ మీది నీళ్లట్యాంకును చూస్తూ ఉంది. నేను పోయి దాని ముందు నేల మీద కూర్చున్నాను. ఈ మోకాళ్లతో నేను కింద కూర్చోకూడదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నిలబడి చెప్పే మాట కాదది, నాకు నిలబడి చెప్పడం రాదు. తాత సంగతి అంతా చెప్పడం అయ్యాక అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. లేవలేకపోతుంటే అదే చెయ్యి ఇచ్చి లేపింది.